గొలుసు గట్టిదే, కట్టేది ఏ గుంజకు?

పోయిన నెల మైలవరంలో మనవాళ్లం కూర్చున్నప్పుడు ఎజెండాలో ఉన్నవి మూడే అంశాలు. సాగర్ ఎడమ కాలువ చివరి భూములకు నీళ్లు, మామిడి తోటల్లో తరుగు దోపిడీ, రీసర్వే తప్పుల మీద పెట్టిన అర్జీల సంగతి. మూడో అంశం మీద మాట్లాడుతుండగా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ సెలవుకు వచ్చిన ఒక సభ్యుడి కొడుకు లేచాడు. "ఇదంతా పాత పద్ధతి వల్ల వస్తున్న తంటా బాబాయ్. భూమి రికార్డులు బ్లాక్‌చైన్‌లో పెడితే ఇక ఎవడూ మార్చలేడు. ఎమ్మార్వో కాదు కదా, ముఖ్యమంత్రి కూడా మార్చలేడు" అన్నాడు.

వెనక బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దాయన నెమ్మదిగా అడిగాడు. "మార్చలేరన్నావు, బానే ఉంది అబ్బాయ్. మరి నా రెండెకరాల నలభై సెంట్లని ఇప్పుడు రెండెకరాల పద్నాలుగు సెంట్లని రాశారు. అదీ మార్చలేరా?"

అందరూ నవ్వారు. అబ్బాయి కూడా నవ్వాడు గానీ జవాబు చెప్పలేకపోయాడు. పెద్దాయన మాత్రం నవ్వలేదు. ఆయనకు పోయింది ఇరవై ఆరు సెంట్లు. మైలవరం రోడ్డు పక్క ధరల్లో అది కూతురి పెళ్లి ఖర్చు.

ఆ రాత్రి ఇళ్లకు వెళ్లాక కూడా ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. ఈ బ్లాక్‌చైన్ అనే మాట మన రాష్ట్రంలో కొత్తది కాదు. వచ్చింది, పోయింది, ఇప్పుడు మళ్లీ వినిపిస్తోంది. అదేమిటో తెలియకుండా ఎగతాళి చేయడం తప్పు, తెలియకుండా చప్పట్లు కొట్టడం ఇంకా పెద్ద తప్పు. అందుకని ఆ కుర్రాడినే మళ్లీ పిలిపించుకుని రెండు రోజులు కూర్చున్నాం. మాకు అర్థమైనంత వరకు, మాకు తోచిన అభిప్రాయంతో కలిపి ఇక్కడ రాస్తున్నాం.

పాతకాలపు కరణం దస్త్రాన్ని ఊహించుకోండి. ఒక్కో పేజీ చివర, ఆ పేజీలో ఉన్న ప్రతి అక్షరాన్నీ లెక్కలోకి తీసుకుని ఒక ముద్ర వేస్తారనుకుందాం. ఒక్క అంకె మారినా, 'నలభై' తీసేసి 'పద్నాలుగు' అని దిద్దినా, ముద్ర మొత్తం వేరేగా వస్తుంది. ఈ ముద్రనే వాళ్లు హ్యాష్ అంటారు. ఎక్కువగా వాడే పద్ధతిలో అది 64 అక్షరాల వరస. తర్వాతి పేజీ మొదట్లో ముందు పేజీ ముద్రను రాస్తారు. ఆ పేజీ ముద్రను దాని తర్వాతి పేజీలో రాస్తారు. ఇలా ఒకదానికొకటి ముడిపడిపోయి గొలుసవుతుంది. మధ్యలో ఏ పేజీని గీకినా అక్కడి నుంచి చివరి దాకా ముద్రలన్నీ తప్పుతాయి. పైగా ఈ దస్త్రం ఒక్క కచేరీలోనే ఉండదు. నాలుగైదు చోట్ల, నాలుగైదు కంప్యూటర్లలో ఒకే నకలు ఉంటుంది. ఒకచోట ఎవరైనా చెయ్యి పెడితే మిగిలిన చోట్ల ఉన్న నకళ్లు పట్టిస్తాయి. 2009లో మొదలైన బిట్‌కాయిన్ నడిచేది ఈ పద్ధతి మీదే. ఆ డబ్బు జోలికి మనం పోనక్కర్లేదు. ఆ దస్త్రం రాసే పద్ధతి వరకే మనకు కావాలి.

ఇంతవరకు చూస్తే ముచ్చటేస్తుంది. రాత్రికి రాత్రి అడంగల్‌లో పేర్లు మారిపోయి, పొద్దున్నే మీసేవలో కాగితం తీసుకుంటే మన సర్వే నంబరు కింద ఇంకొకడి పేరు కనబడిన అనుభవం మన సభ్యుల్లో కొందరికి ఉంది. అలాంటి చోట చెరిపితే పట్టిచ్చే దస్త్రం కావాలనడంలో తప్పేముంది?

మదనపల్లెను గుర్తు చేసుకోండి. 2024 జూలై 21 రాత్రి అక్కడి సబ్ కలెక్టర్ కార్యాలయం తగలబడింది. 22ఏ నిషేధిత జాబితాకు సంబంధించిన భూముల ఫైళ్లు బూడిదయ్యాయి. ఎవరు చేశారన్నది విచారణ సంగతి. మనకు కావలసింది ఒక్కటే. ఒక గదిలో పెట్టిన కాగితం ఒక అగ్గిపుల్లకు పోతుంది. ఆ తర్వాత రెండు నెలలు తిరక్కుండానే, మన మైలవరం కొండల్లో పుట్టిన బుడమేరే గండ్లు పడి విజయవాడను ముంచింది. సింగ్‌నగర్ వైపు ఇళ్లలో దస్తావేజులు నానిపోయిన జనం ఎందరో. నకలు పది చోట్ల ఉండటం విలువేమిటో మన ప్రాంతం వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

కాబట్టి మేము బ్లాక్‌చైన్‌కు వ్యతిరేకం కాదు. మా పేచీ అంతా ఆ గొలుసు మొదటి కొక్కెం దగ్గర.

2017లో విశాఖలో ఫిన్‌టెక్ వ్యాలీ హడావుడి నడిచిన రోజుల్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భూ రికార్డులను, వాహనాల రికార్డులను బ్లాక్‌చైన్ మీదికి తెస్తామని ప్రకటించింది. స్వీడన్‌కు చెందిన క్రోమావే అనే కంపెనీ పేరు వినబడింది. హైదరాబాద్‌కు చెందిన జెబీ అనే కంపెనీ రాజధాని అమరావతి ప్రాంతం భూ రికార్డులను ఆ పద్ధతిలో భద్రపరిచే పని చేపట్టింది. దేశంలోనే మొదటిదని పత్రికలు రాశాయి. కృష్ణకు ఇవతల ఒడ్డున ఉన్న మనం కూడా గొప్పగానే చెప్పుకున్నాం.

తర్వాత ఏం జరిగిందో తెలిసిందే. 2019లో ప్రభుత్వం మారింది. రాజధాని ఒకటా మూడా అన్న రగడ మొదలైంది. భూములిచ్చిన 29 గ్రామాల రైతులు ఏళ్ల తరబడి శిబిరాల్లో కూర్చున్నారు. ఏటా రావలసిన కౌలు డబ్బుల కోసం హైకోర్టు మెట్లెక్కారు. వాళ్ల ప్లాటు నంబరును ఎవరూ చెరపలేదు. ఎవరూ చెరపకుండానే ఆ ప్లాటుకు విలువ లేకుండా పోయింది. రికార్డు భద్రంగా ఉండటం వేరు, ఆ రికార్డు వెనకాల ఇచ్చిన మాట నిలబడటం వేరు. మొదటిది కంప్యూటర్ చేయగలదు. రెండోది రైతులు రోడ్డెక్కితే గానీ జరగలేదు.

ఇక మన ఊళ్ల రికార్డుల సంగతికొద్దాం. మైలవరం జమీందారీ ప్రాంతం. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే ఇక్కడి రైతుకు సర్కారు పట్టా అనేది వచ్చింది. డెల్టా రైత్వారీ గ్రామాల్లో ఆర్.ఎస్.ఆర్. ఎంత ముఖ్యమో, మన ఎస్టేటు గ్రామాల్లో సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అంత ముఖ్యం. ఏ కోర్టులో తగాదా నడిచినా మొదట అడిగేది అదే. ఆనాడు జమీందారు దివాణం లెక్కలు, రైతుల నోటిమాట, సెటిల్‌మెంట్ అధికారుల విచారణ కలిపి రాసిన దస్త్రం అది. అందులో ఎవరి పేరు ఎక్కింది, ఎవరిది ఎక్కలేదు అన్న దాని మీద ఇప్పటికీ మన పల్లెల్లో అన్నదమ్ముల పిల్లలు మాట్లాడుకోరు.

ఆ తర్వాత కరణాలు. వాళ్ల అన్యాయాల గురించి కథలు కథలుగా చెప్పుకుంటాం గానీ, ఎవరి గట్టు ఎక్కడుందో వాళ్లకు తెలుసు. 1984 జనవరిలో ఆ పదవులు రద్దయ్యాయి. దస్త్రాలు మండల కార్యాలయాలకు చేరాయి. కొన్ని చేరలేదు. కొన్ని చెదలకు చేరాయి. మిగిలిన వాటిని ఆ తర్వాత కంప్యూటర్‌లోకి ఎక్కించారు. వెబ్‌ల్యాండ్ అన్నారు, 2015 నుంచి మీభూమి అన్నారు. టైపు చేసిన కుర్రాళ్లు కాంట్రాక్టు పనివాళ్లు. ఊరు తెలియదు, మనిషి తెలియదు. 'వెంకట సుబ్బయ్య' 'వెంకటేశ్వర్లు' అయ్యాడు. తండ్రి పేరు కాలమ్‌లో భర్త పేరు పడింది. చనిపోయి ఇరవై ఏళ్లయిన వాళ్లు పట్టాదారులుగా బతికే ఉన్నారు. 1బి కాగితం మీద ఈ తప్పులు చూడని రైతు ఉంటే మాకు చూపించండి, సన్మానం చేద్దాం.

2020 డిసెంబర్ 21న రీసర్వే మొదలైంది మన పక్క జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులోనే. నూరేళ్ల తర్వాత జరుగుతున్న సమగ్ర సర్వే కదా అని మనం స్వాగతించాం. స్వాగతించడం తప్పు కాదు. డ్రోన్లు ఎగిరాయి, రోవర్లు వచ్చాయి, రాళ్లు పాతారు. పాత సర్వే నంబర్లు పోయి ఎల్.పి.ఎం. నంబర్లు వచ్చాయి. యంత్రం కొలిచిన కొలత సెంటీమీటర్లతో సహా సరిగ్గానే ఉంది. కానీ ఏ గట్టు నుంచి ఏ గట్టు దాకా కొలవాలో చెప్పాల్సిన రైతుకు నోటీసు అందలేదు. అందినా ఆ రోజు అతను మిరప కోతల్లో ఉన్నాడు. నలుగురు అన్నదమ్ముల వాటాలన్నీ ఒకే నంబరు కింద ఉమ్మడిగా పడ్డాయి. పెద్దాయన ఇరవై ఆరు సెంట్లు పోయింది అక్కడే. ఆయన పక్క చేనాయనకు కూడా అవి రాలేదు. అవి ఎక్కడికి పోయాయో ఆ డ్రోనుకే తెలియాలి. 2024 డిసెంబర్‌లో మొదలైన రెవెన్యూ సదస్సుల్లో ఆయన అర్జీ ఇచ్చాడు. రసీదు ఉంది. సెంట్లు ఇంకా రాలేదు.

ఇప్పుడీ రికార్డు మీద ఆ 64 అక్షరాల ముద్ర వేసి గొలుసు కట్టామనుకోండి. ఏం జరుగుతుంది? తప్పు శాశ్వతమవుతుంది. నిన్నటి దాకా అది గుమాస్తా తప్పు. రేపటి నుంచి అది 'ఎవరూ మార్చలేని సత్యం'. వెళ్లి అడిగితే "సిస్టమ్‌లో అలా ఉందండీ" అంటారు. ఈ మాట మనం ఇప్పటికే వింటున్నాం. గొలుసు వస్తే "సిస్టమ్ ఒప్పుకోదండీ" అంటారు.

ఆ కుర్రాడు ఇక్కడ మాతో వాదించాడు. సరిగ్గా కట్టిన బ్లాక్‌చైన్‌లో తప్పు దిద్దవచ్చట. పాత పేజీ చింపరు. కొత్త పేజీ చేర్చి, 'ఫలానా తేదీన ఫలానా అధికారి ఉత్తర్వుతో ఇది సవరించబడింది' అని రాస్తారు. తప్పూ కనబడుతుంది, దిద్దుబాటూ కనబడుతుంది, దిద్దిన వాడూ కనబడతాడు. నిజమే, ఇది మంచి పద్ధతి. నిజానికి మన పాత దస్త్రాల్లోనూ ఎర్ర సిరాతో కొట్టేసి పక్కన సంతకం పెట్టేవాళ్లు. కానీ ఆ దిద్దుబాటు దారి ఉండాలా వద్దా, ఎవరు దిద్దాలి, ఎన్ని రోజుల్లో దిద్దాలి అన్నది ప్రోగ్రామ్ రాసేటప్పుడే తేలిపోతుంది. ఆ బల్ల దగ్గర రైతు లేడు.

దానికి సాక్ష్యం కోసం దూరం పోనక్కర్లేదు. మైలవరం నుంచి తిరువూరు దాటితే తెలంగాణే. 2020 అక్టోబర్ 29న అక్కడ ధరణి పోర్టల్ తెచ్చారు. అది బ్లాక్‌చైన్ కాదు, కానీ ఆలోచన అదే. మనిషి చెయ్యి పడకుండా కంప్యూటరే చూసుకుంటుందన్నారు. తహసీల్దారు దిద్దే అధికారం తీసేశారు. అనుభవదారు కాలమ్ తీసేశారు. లంచం పోతుందని చాలామంది సంతోషించారు, దాపరికం ఎందుకు, మనలోనూ సంతోషించినవాళ్లున్నారు. తర్వాత తేలిందేమిటి? పేరులో ఒక్క అక్షరం తప్పు పడినా కలెక్టర్ దాకా పోవాలి. ఏ తప్పుకు ఏ మాడ్యూల్‌లో దరఖాస్తు పెట్టాలో తెలియక, కొన్ని తప్పులకు మాడ్యూలే లేక రైతులు ఏళ్లు తిరిగారు. ఎన్నికల్లో అదొక పెద్ద అంశమైంది. చివరికి చట్టాన్నే మార్చి 2025 ఏప్రిల్ 14న భూభారతి తెచ్చుకున్నారు. ఒక మెనూలో ఒక బటన్ పెట్టకపోవడం ఎంత ఖరీదైందో చూడండి.

ఇంకో దేశం సంగతి కూడా చెప్పాడు మా కుర్రాడు. జార్జియా అనే చిన్న దేశం 2016లో తన భూమి రిజిస్ట్రేషన్లను బ్లాక్‌చైన్‌తో ముడిపెట్టడం మొదలుపెట్టి, ఆ పని సాధించింది. దాన్ని అందరూ ఉదాహరణగా చెబుతారు. చెప్పని సంగతేమిటంటే, ఆ దేశం 2004లోనే కొత్త రిజిస్ట్రీ సంస్థను పెట్టుకుని, పన్నెండేళ్ల పాటు రికార్డులను, ఆ శాఖను శుభ్రం చేసుకుంది. గొలుసు ఆ తర్వాతే వేసింది. 2015లో హోండురాస్ దేశం ఆ శుభ్రం చేసే పని లేకుండానే మొదలుపెట్టబోయింది. మొదట్లోనే ఆగిపోయింది. మన దగ్గర క్రోమావే పేరు వినబడింది కదా, దాని సొంత దేశం స్వీడన్‌లో కూడా అది ప్రయోగాల దగ్గరే ఆగింది. అక్కడ ఆగడానికి కారణం వేరు. వాళ్ల రికార్డులు అప్పటికే బాగుండటంతో గొలుసు అవసరం అంతగా పడలేదు.

ఇంతకంటే పెద్ద మాట కౌలు రైతుది. మన మండలంలో పత్తి, మొక్కజొన్న చేలల్లో దిగి పని చేసేవాళ్లలో ఎంతమంది పేర్లు ఆ రికార్డులో ఉన్నాయి? 2011లో ఒక చట్టం తెచ్చి రుణ అర్హత కార్డులన్నారు. 2019లో దాన్ని తీసేసి పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. పదకొండు నెలల ఒప్పందం మీద భూమి యజమాని సంతకం పెడితేనే కార్డు. సంతకం పెడితే భూమి పోతుందని యజమానికి భయం. అడిగితే వచ్చే ఏడు చేను ఇవ్వడని కౌలుదారుకు భయం. ఒప్పందాలు నోటిమాట మీదే నడుస్తున్నాయి. తుపాను వస్తే పరిహారం, బ్యాంకు అప్పు, బీమా అన్నీ రికార్డులో పేరున్నవాడికే పోతున్నాయి. ఎంత గొప్ప గొలుసైనా అందులో రాయని పేరును కాపాడలేదు. యజమానుల జాబితాను మాత్రం ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేస్తే, బయట నిలబడ్డవాడు ఇంకాస్త బయటికి పోతాడు.

కొంతమంది మిత్రులు అంటారు, నోటిమాట కౌలును కూడా ఫోనులో నమోదు చేసుకునే ఏర్పాటు పెట్టవచ్చు కదా, యజమాని ప్రమేయం లేకుండా సాగు చేస్తున్నవాడి పేరు, ఈ-క్రాప్ ఫోటో, తేదీ గొలుసులో ఎక్కించవచ్చు కదా అని. ఎక్కించవచ్చు. అడ్డు సాంకేతికం కాదు, చట్టం. ముందు 2019 చట్టంలో యజమాని సంతకం షరతు తీసెయ్యండి. ఆ తర్వాత ఏ యంత్రంలో రాసినా మాకు అభ్యంతరం లేదు.

ఇక ఈ నకళ్లు ఎవరి దగ్గర ఉంటాయన్న ప్రశ్న. బిట్‌కాయిన్ లాంటి వాటిలో ఎవరైనా ఒక కంప్యూటర్ పెట్టుకుని మొత్తం దస్త్రం నకలు ఉంచుకోవచ్చు. ప్రభుత్వాలు వాడేది ఆ రకం కాదు. అనుమతి ఉన్నవాళ్లే చేరే రకం. కేంద్ర ప్రభుత్వం 2024 సెప్టెంబర్ 4న 'విశ్వస్య' అనే పేరుతో ఒక జాతీయ వేదికను ప్రారంభించింది. ఏ రాష్ట్రమైనా, ఏ శాఖైనా సొంతంగా మొదటి నుంచి కట్టుకోనక్కర్లేకుండా దీని మీద తమ యాప్‌లు కట్టుకోవచ్చు. ఉమ్మడి పునాది వేసి ఉంచితే గోడలు మీరు లేపుకోండి అన్నట్టు. దాని కంప్యూటర్లు జాతీయ సమాచార కేంద్రం వాళ్ల భువనేశ్వర్, పుణె, హైదరాబాద్ డేటా సెంటర్లలో ఉన్నాయి. కుర్రాళ్లు, చిన్న కంపెనీలు రాసిన ప్రోగ్రాములను పరీక్షించుకోవడానికి ఎన్‌బిఎఫ్‌లైట్ అనే తేలిక వేదిక ఒకటి విడిగా పెట్టారు. హైదరాబాద్ ఐఐటీ, ట్రిపుల్ ఐటీ వంటి సంస్థలూ ఈ పనిలో పాలు పంచుకున్నాయి. విదేశీ కంపెనీ చేతిలో పెట్టకుండా సొంతంగా కట్టుకోవడం మెచ్చుకోదగ్గదే.

కానీ మూడు ఊళ్లలో మూడు నకళ్లున్నా, మూడు తాళంచెవులూ ఒక్క ప్రభుత్వం మొలతాడుకే ఉంటే? అది మూడు గదులున్న ఒకే ఇల్లు. నిప్పుకూ నీటికీ అది చాలు. పైనున్నవాడే మార్చదలిస్తే ఆపడానికి చాలదు. నకలు ఒకటి హైకోర్టు దగ్గర ఉండాలి. ఒకటి వ్యవసాయ విశ్వవిద్యాలయం లాంటి చోట ఉండాలి. అన్నిటికంటే ముందు, ఒక ముక్క రైతు చేతిలో ఉండాలి.

రైతు చేతిలో కంప్యూటర్ పెట్టమనడం లేదు. 1బి, అడంగల్ కాగితాల మీద, పాసు పుస్తకం మీద ఆ 64 అక్షరాల ముద్రను, తేదీతో సహా అచ్చు వేసి ఇస్తే చాలు. రేపు ఆన్‌లైన్‌లో ఎవరైనా సెంటు మార్చినా ఆ ముద్ర మారిపోతుంది. రైతు తన కాగితం చూపించి 'ఈ తేదీన మీరిచ్చింది ఇది, ఇప్పుడున్నది అది కాదు' అని నిలబడి అడగగలడు. ఇది కలగనే మాట కాదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో, కోర్టుకు ఎలక్ట్రానిక్ రికార్డు దాఖలు చేసేటప్పుడు వెంట పెట్టాల్సిన సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ రాయడానికి గడి ఉంది. చట్టం ఆ ముద్రను ఇప్పటికే గుర్తించింది. మన కాగితం మీద అచ్చు వేయడానికి అడ్డేమిటి? దీనికి కోట్లు పెట్టి టెండర్లు పిలవనక్కర్లేదు. బ్లాక్‌చైన్ దాకా కూడా పోనక్కర్లేదంటాడు మా కుర్రాడు. అతని ఉత్సాహం మీద అతనే నీళ్లు చల్లుకున్న ఏకైక సందర్భం ఇది. అందుకే నమ్మబుద్ధయింది.

తాళంచెవి మాట వచ్చింది కాబట్టి ఇంకో హెచ్చరిక. కొన్ని ఏర్పాట్లలో ప్రతి మనిషికీ ఒక రహస్య సంకేతం ఇస్తారు. అది ఉన్నవాడే హక్కుదారు. పోగొట్టుకుంటే అంతే. ఓటీపీ వస్తే పక్కింటి కుర్రాడికి చూపించి చదివించుకునే ఊళ్లు మనవి. 2018లో తెలంగాణలో రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలను రబ్బరు ముద్రల మీదికి ఎక్కించి వేల సిమ్ కార్డులు యాక్టివేట్ చేసిన కేసు బయటపడింది. వేలిముద్రకే దిక్కు లేనప్పుడు ఎకరం భూమిని ఫోనులో ఉన్న ఒక సంకేతానికి కట్టేయమంటే మేము ఒప్పుకోం.

స్మార్ట్ కాంట్రాక్ట్ అనేది మరొకటి. షరతు నెరవేరగానే మనిషి సంతకం లేకుండా పని దానంతటదే జరిగిపోయే ప్రోగ్రామ్. మార్కెట్ యార్డులో కాటా పడగానే రైతు ఖాతాలో డబ్బు పడేలా రాయండి, మొదటి దండ మేమే వేస్తాం. ధాన్యం అమ్మిన రైతు డబ్బు కోసం వారాల తరబడి ఎదురుచూడక్కర్లేదు. అదే ప్రోగ్రామ్‌ను అప్పు కిస్తీ తప్పగానే భూమి బ్యాంకు పేరు మీదికి మారేలా కూడా రాయవచ్చు. ఏది రాస్తారన్నది కంప్యూటర్ నిర్ణయించదు. భూ హక్కుల చట్టం గొడవ మరిచిపోలేదు కదా. 2023 అక్టోబర్ 31న అమల్లోకి తెచ్చి, సివిల్ కోర్టులను పక్కకు తప్పించి, టైటిల్ రిజిస్ట్రేషన్ అధికారి చేతికి హక్కుల నిర్ణయం అప్పగించబోయారు. న్యాయవాదులు, రైతులు, ప్రతిపక్షాలు లేచాయి. 2024 జూలైలో శాసనసభ దాన్ని రద్దు చేసింది. ఆ చట్టం ముందు తలుపు నుంచి పోయింది. 'మార్చలేని రికార్డు' అనే అందమైన పేరుతో పెరటి తలుపు నుంచి రాకుండా చూసుకోవాల్సింది మనమే.

మేలు జరిగే చోటు ఉందా అంటే, పంట అమ్మకంలో ఉండవచ్చు. 2021లో సుగంధ ద్రవ్యాల బోర్డు, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం కలిసి మన రాష్ట్రంలో మిర్చి, పసుపు పండించే మూడు వేల మందికి పైగా రైతులతో బ్లాక్‌చైన్ ప్రయోగం తలపెట్టాయి. ఏ చేలో పండింది, ఏ మందు కొట్టారు, ఎక్కడ ఎండబెట్టారు అన్నది కొన్నవాడికి దాకా తెలిసేలా. అంతకు రెండేళ్ల ముందు కాఫీ బోర్డు కూడా అలాంటిదే ఒకటి కాఫీకి మొదలుపెట్టింది. మిర్చిలో బూజు విషం, మందుల అవశేషాలు ఉన్నాయని విదేశాలు సరుకు తిప్పి పంపుతున్న రోజుల్లో ఈ ఆలోచన తప్పు కాదు. మన మామిడికీ రావచ్చు.

కానీ ఒక్క మాట. గొలుసులో రైతు గురించి అంతా రాస్తారు. అతని చేను, అతని మందు సీసా, అతని ఎరువు బస్తా. వ్యాపారి ఎంతకు కొన్నాడు, ఎంతకు అమ్మాడు, టన్నుకు ఎన్ని కిలోల తరుగు తీశాడు, కమీషన్ ఎంత పట్టాడు అన్నదీ అదే గొలుసులో రాస్తారా? నున్న మార్కెట్లో కాటా మీద పడ్డ బరువు, చీటీలో రాసిన బరువు రెండూ ఎక్కిస్తారా? ఎక్కిస్తామంటే రేపే రండి. మా వైపు మాత్రమే దీపం పెట్టి వాళ్ల వైపు చీకటి ఉంచే ఏర్పాటైతే మాకెందుకు? పైగా ఆ ఫోటోలు తీసి ఎక్కించే కూలి ఎవరిది? అందుకు క్వింటాలుకు ఎంత ఎక్కువ ఇస్తారో ముందే రాసిపెట్టాలి.

మా అభిప్రాయం స్థూలంగా ఇది. ప్రభుత్వం గొలుసు గురించి మాట్లాడే ముందు గ్రామ గ్రామాన రికార్డును బహిరంగంగా చదివి వినిపించాలి. ప్రతి ఎల్.పి.ఎం. నంబరు, ప్రతి పేరు, ప్రతి సెంటు. పంట పనుల రోజుల్లో కాదు, వేసవిలో, సాయంత్రం పూట, సర్వేయరును దగ్గర పెట్టుకుని. అభ్యంతరం ఉన్న ప్రతి కమతాన్నీ 'వివాదంలో ఉంది' అని గుర్తు పెట్టి, అది తేలే దాకా దాని మీద ఏ ముద్రా వేయకూడదు. ఆ పని అయిన గ్రామానికి మాత్రమే గొలుసు. యాప్ కట్టేటప్పుడు పరీక్షించేది ఏసీ గదిలో కాదు, తెలుగు మాత్రమే చదవగల అరవై ఏళ్ల రైతు చేతిలో పెట్టి పరీక్షించాలి. ఆ ప్రోగ్రామ్ ఏం చేస్తుందో తెలుగులో రాసి గ్రామ సచివాలయం గోడకు అంటించాలి. కౌలుదారు కాలమ్ మొదటి రోజు నుంచే ఉండాలి, ధరణి చేసిన తప్పు మనం చేయకూడదు.

ఆ కుర్రాడు హైదరాబాద్ వెళ్లిపోయాడు. వెళ్లే ముందు పెద్దాయన 1బి కాగితాన్ని ఫోటో తీసుకుని, దానికి హ్యాష్ తీసి, ఆ 64 అక్షరాలను ఒక తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, కింద తేదీ వేసి ఇచ్చాడు. పెద్దాయన దాన్ని పాసు పుస్తకంలో మడిచి పెట్టుకున్నాడు. "ఇది తప్పు లెక్కకు వేసిన ముద్రే కదరా. నా ఇరవై ఆరు సెంట్లు వచ్చాక ఇంకోటి రాసివ్వు" అన్నాడు.

రీసర్వేలో విస్తీర్ణం తగ్గిన సభ్యులు, ఉమ్మడి ఎల్.పి.ఎం. పడినవాళ్లు, కార్డు రాని కౌలుదారులు వచ్చే సమావేశానికి తమ పాత అడంగల్ నకలు, కొత్త 1బి, రెవెన్యూ సదస్సులో ఇచ్చిన అర్జీ రసీదు మూడూ తెచ్చుకోవాలని కోరుతున్నాం. రసీదు పోయినవాళ్లు అర్జీ ఇచ్చిన తేదీ గుర్తున్నా చాలు. అన్నీ ఒకచోట జాబితా రాసుకుని, ఊరివారీగా సంతకాలు పెట్టి తహసీల్దారు గారికి ఇద్దాం. ఆ జాబితా నకలు ఐదు ఇళ్లలో ఉంచుదాం.